మిరపపండు ఎరుపు

తిరిగొచ్చిన చీటీల కట్టలు నట్టింట్లోనే ఉన్నాయి. నిన్న సాయంత్రం ధర్మవరం నుంచి చెన్నప్ప పంపిన మనిషి వాటిని గడప లోపల దించి, "అన్న ఒద్దన్నాడు" అని ఒక్క మాట అని పోయాడు. అప్పటినుంచి వాటిని ముట్టుకున్నవాళ్ళు లేరు. తెల్లవారి కాఫీలకు లేచినవాళ్ళందరూ వాటిని చుట్టి నడుస్తున్నారు.

రాహుల్ మాత్రం చుట్టి నడవలేదు. ఒక కట్టకు దారం తెంచి, పైచీటీ తీసి, వదిన ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఏం రంగు వదినా?"

పూర్ణిమ చూసింది. పట్టుచీర మడతలో పెట్టే చీటీ అది. చెన్నప్ప అంగడి పేరు తెలుగులో ఒక వరస, కన్నడలో ఒక వరస, నల్లగా ముత్యాల్లా పడింది. వంక పెట్టడానికి లేదు. ఆ అక్షరాల వెనకాల నిండుగా పరుచుకున్న రంగే వేరేగా ఉంది.

"ఇటుక రంగు," అంది.

"మనం వెయ్యాల్సింది?"

"మిరపపండు ఎరుపు."

"ఇంగ నేను చెప్పేదేముండాది?" అని రాహుల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చెప్పేది లేదంటూనే అరగంట చెప్పాడు మహానుభావుడు. చెన్నప్ప చీటీ అంటే మామూలు చీటీనా? ముదిగుబ్బ పక్కన, తాడిమర్రి పక్కన పల్లెల్లో చదువురాని అవ్వలు కూడా ఆ ఎరుపు చూసి చీర ఎవరి అంగడిదో చెప్తారు. పెండ్లికూతురికి ముహూర్తం చీర ఇచ్చేముందు ఆ చీటీకి ఇంత కుంకుమ పెట్టి మరీ మడత విప్పుతారు. ఆ ఎరుపు మారిందంటే చీరనే అనుమానిస్తారు. అట్లాంటి పనిని ఇంట్లో కూర్చుని కోడలు రాసిన ప్రోగ్రామ్ చేతిలో పెట్టడం తమ బుద్ధి తక్కువ అన్నాడు. మొదటిసారి జరిగింది చాలదా అన్నాడు.

మొదటిసారి జరిగింది పూర్ణిమ మరిచిపోయే సంగతి కాదు. ఊరికే దొరికే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్ ఒకటి తెచ్చుకుని, దానికి తెలుగూ కన్నడమూ నేర్పి, పెండ్లిపత్రికలూ చీటీలూ చకచకా కూర్చేటట్టు తయారుచేసింది తనే. బెంగళూరులో ఉద్యోగం మానుకుని వచ్చి, ఇంటికానుకునే ఉన్న మామ ప్రెస్సు ముందర గదిలో బల్ల వేసుకుని కూర్చుంది అందుకే. అయితే దానికి నాలుగు రంగులే తెలుసు. నీలం, గులాబి, పసుపు, నలుపు. ఏ రంగు ఇచ్చినా ఆ నాలుగింటి చుక్కలుగా చితక్కొట్టి పెడుతుంది. చెన్నప్ప ఎరుపును కూడా అట్లాగే చితక్కొట్టింది. నమూనా చూసి ఆయన, ఇది తట్టు పోసినట్టుందే అన్నాడు.

తర్వాత ఆమె తిండి నిద్ర మరిచి కూర్చుని, ఆ ప్రోగ్రామ్‌కు స్పెషల్ కలర్ నేర్పింది. అంటే ఒక రంగుకు ఒక పేరు పెట్టి, దాన్ని నాలుగింటిలో కలపకుండా, దాని అచ్చుప్లేటు దానికి విడిగా వచ్చేట్టు చేయడం. ప్లేటు విడిగా వస్తే, మిషన్‌లో ఒక పక్క నల్ల ఇంకు, ఇంకో పక్క చేత్తో కలిపిన అసలు ఎరుపు పోసుకోవచ్చు. ఈసారి తప్పు జరగదని ఇంట్లో అందరి ముందూ మాటిచ్చింది. ఆ మాట ఇప్పుడు నట్టింట్లో కట్టలు కట్టి ఉంది.

"బెంగళూరు నుంచి మిషన్లమ్మే ఆయప్ప సాయంత్రం వస్తాండాడు," అన్నాడు రాహుల్ చివరికి. "డిజిటల్ మిషన్‌కు ముందర రూము కొలతలు తీసుకునేకి. తప్పు నీ ప్రోగ్రామ్‌లో లేదని అంతలోపల చూపిచ్చు వదినా. ఆయప్పను వాకిట్లో నుంచే పంపిచ్చేస్తా. చూపిచ్చలేకపోతే మాత్రం కంపోజింగ్ బయటికిచ్చేస్తాం. రూము ఖాళీ చెయ్యాల."

ముందర గది అంటే పూర్ణిమకు నాలుగు గోడలు కాదు. ఈ ఇంట్లో తనకంటూ ఉన్న ఒకే ఒక్క చోటు అది. అక్కడ ఆమె ఎవరి పెళ్ళామో ఎవరి కోడలో కాదు.

భర్త వైపు చూసింది. అరవింద్ చొక్కా గుండీ పెట్టుకుంటూ, మడకశిరలో పెండ్లిపత్రికలు అప్పగించే పనుందని, బస్సు పోతుందని గొణిగాడు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. ఇంట్లో నిప్పంటుకున్నా ఈ మనిషికి మడకశిరలో పని ఉంటుంది.

పూర్ణిమ సొరుగులోంచి భూతద్దం తీసింది. చీటీని కిటికీ వెలుతురులో పెట్టి, కన్ను ఆనించి చూసింది. ఒక్క చుక్క లేదు. గోడకు సున్నం కొట్టినట్టు అంచునుంచి అంచుదాకా ఒకటే రంగు, నిండుగా పడింది. ప్లేటు విడిగానే వచ్చింది. ప్రోగ్రామ్ తన పని తాను చేసింది.

"చుక్కల్లేవు రాహుల్. ప్లేటు సరిగ్గానే పడింది. కావాలంటే నువ్వే చూడు."

రాహుల్ చూశాడు. నిజమే. భూతద్దం కింద పెట్టి, కిటికీ పక్కన కూర్చున్న తండ్రి వైపు ఒకసారి, వదిన వైపు ఒకసారి చూశాడు.

"ప్లేటు సరిగ్గా పడితే రంగు ఏంటికి మారుతాది? నాయన కలిపిందే తప్పంటావా?"

వంటింటి గడపలో అత్త సరస్వతమ్మ చేతిలో గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

ఆ ఇంట్లో ఇంకు గురించి మాట్లాడడమంటే మామ కేశవమూర్తి గురించి మాట్లాడడమే. మిషన్ పక్కన రాతిపలక మీద ఇంకు కలిపేది ఆయన ఒక్కడే. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, కత్తితో రంగులు నూరి, వేలితో కాగితం మీద తట్టి, ఆరేదాకా ఆగి, మళ్ళీ చూసుకుని గానీ మిషన్‌లో పోయనివ్వడు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక, ఇంక నువ్వు కూర్చో నాయనా, ఇంకు నేను కలిపిస్తా అని రాహుల్ అన్న రోజున ఆయన విస్తరి ముందునుంచి లేచిపోయాడు. తర్వాత ఎన్నాళ్ళో కొడుకుతో మాట్లాడలేదు. ఆ పలక దగ్గర్నుంచి లేపితే మీ నాయనను మంచం ఎక్కించినట్లే అని సరస్వతమ్మ కొడుకుల కాళ్ళావేళ్ళా పడి, ఆ మాట మళ్ళీ ఇంట్లో రాకుండా చూసుకుంది.

ఇప్పుడు ఇంకు తప్పంటే మామ పలక పోతుంది. ప్రోగ్రామ్ తప్పంటే తన గది పోతుంది. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం.

"నేను అట్లనలేదు," అంది పూర్ణిమ.

కిటికీ దగ్గర కుర్చీలో కాఫీ ముట్టుకోకుండా కూర్చున్న కేశవమూర్తి అప్పుడు లేచాడు. కోడలి వైపు చూడలేదు. ఆ ఇంట్లో మామాకోడళ్ళ మాటలు అత్త మీదుగా నడవడం ఆనవాయితీ. వంటింటి వైపు తిరిగి, "నేను ధర్మవరం పోతాండా. చెన్నప్పతో మాట్లాడల్ల. ఆ పాపను గూడా రమ్మను," అన్నాడు.

ఆ పాప ఆయనకు మూరెడు దూరంలోనే నిలబడి ఉంది. అయినా సరస్వతమ్మ కోడలి దగ్గరికొచ్చి ఆ మాటే మళ్ళీ చెప్పింది. చెప్పి, చేయి నొక్కి, మెల్లగా, "ఆయన ముందర తగ్గి మాట్లాడు తల్లీ," అంది.

పాసింజర్ రైల్లో కిటికీ పక్కన ఎదురెదురుగా చోటు దొరికింది. హిందూపురంలో బండి కదిలాక చాలాసేపటిదాకా ఇద్దరూ బయటికే చూస్తూ కూర్చున్నారు. సరస్వతమ్మ లేని చోట మాట ఎట్లా మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. పూర్ణిమ ఒళ్ళో సంచి, సంచిలో ఇటుకరంగు చీటీలు ఉన్నాయి. ప్లేటు మంచిదే, ఇంకు కలిపింది ఏళ్ళ తరబడి ఆ రంగే కలిపిన మనిషి. మరి తప్పు ఎక్కడ దూరింది? ఈ ఇటుక రంగును తను ఇంతకుముందు ఎక్కడో చూసింది. ఎక్కడో గుర్తుకు రావడం లేదు.

కేశవమూర్తి కిటికీ నుంచి ఇటు తిరిగాడు. చొక్కాజేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, మడతలు విప్పి, నేరుగా కోడలి చేతికిచ్చాడు.

"ఇది నువ్వు పంపిన కాగితమేనమ్మా. ఆ చీటీ దీనిపక్కన పెట్టి చూడు. వెంట్రుకవాసి తేడా ఉంటే నాతో చెప్పు."

పూర్ణిమ పెట్టి చూసింది. వెంట్రుకవాసి కూడా లేదు. అదే ఇటుక రంగు. చీటీల మీది ఇటుక రంగు పుట్టింది ఈ కాగితంలోనే. కాగితం కింద మామ సంతకం, ప్రెస్సులో ప్రూఫ్ ఒప్పుకున్నప్పుడు పెట్టే సంతకం ఉంది.

ఆ రంగు ఎక్కడ చూసిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

చేత్తో కలిపే ఎరుపు కంప్యూటర్ తెరకు తెలియదు కదా. అందుకని, కూర్పు ఎట్లా ఉందో చూసుకోవడానికి దాని బదులు ఒక ఉత్తుత్తి రంగు ఇవ్వాలి. ఆమె తొందరలో ఏదో ఒక ఎరుపు ఇచ్చేసింది. అది ప్లేటుకు ఎక్కదు, ఇంకుకు దానితో పని లేదు. ఎప్పుడూ మామకు రంగుల్లేని నల్లప్రూఫే పంపేది. ఆ రోజు మొదటిసారి స్పెషల్ కలర్ విడిగా కుదిరింది. ఆ సంతోషంలో, మామ కూడా చూసి మెచ్చుకుంటాడని, ఇంట్లో ఉన్న చిన్న ప్రింటర్ మీద రంగులో తీసి, అత్త చేతిలో కాఫీతో పాటు పంపింది. రంగు చూడొద్దు, అక్షరాలు చూడండి అని చెప్పాలని తోచనే లేదు. అది చెప్పాల్సిన మాట అని ఎవరనుకుంటారు?

అయితే ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉంది. చేతికొచ్చిన ప్రూఫే చట్టం. దాన్ని నేర్పింది కేశవమూర్తే. పనిలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్తాడు. ఆ చట్టానికి ఆయనే కట్టుబడ్డాడు. కోడలు మొదటిసారి రంగులో పంపిన కాగితానికి తన ఇంకును ఒదిగించాడు. పాత చీటీ పక్కన పెట్టుకోలేదు.

"తేడా ఉండాదా?" అని మళ్ళీ అడిగాడు. పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా ఉంది ఆయన మొహం.

"లేదు మామా."

"లేదు కదా," అని ఆయన కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

పెనుకొండలో ఎదురుబండి కోసం రైలు నిలబడిపోయింది. స్టేషన్ వెనక కొండ మీద ఎండ పేలుతోంది. పూర్ణిమ పుట్టిల్లు ఆ కొండ కిందే. ఇంకో రోజైతే కిటికీలోంచి తలపెట్టి చూసేది. ఈరోజు ఆమెకు ఎదుట కూర్చున్న మనిషి తప్ప ఏమీ కనపడలేదు. ఇప్పుడు నిజం చెప్తే ఏమవుతుంది? మీరు చూడకూడని రంగు చూసి కలిపారు అని ఈ ముసలాయన మొహం మీద ఎట్లా అనడం? సాయంత్రానికి రాహుల్ పలక దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటాడు.

కేశవమూర్తి రెండు టీలు కొని ఒకటి ఆమెకిచ్చాడు. గ్లాసు చేతిలో తిప్పుకుంటూ, "ఆ స్పెషల్ కలర్ ఎట్ల చేసినావమ్మా?" అని అడిగాడు.

ఈ ఇంటికొచ్చిన తర్వాత ఆయన ఆమె పని గురించి నేరుగా అడగడం ఇదే మొదటిసారి. పూర్ణిమ తడబడుతూ మొదలుపెట్టింది. ప్రోగ్రామ్ రంగును ఎట్లా చదువుతుందో, పేరు పెట్టకపోతే ఎందుకు పొడి పొడి చేస్తుందో, నల్ల అక్షరం ఎరుపు మీద పడేచోట కింద తెల్లసందు రాకుండా ఎట్లా చూసుకుందో చెప్పింది. చెప్తూ చెప్తూ భయం మరిచిపోయింది. ఆయన మధ్యలో తల ఊపుతూ విన్నాడు. అంతా విన్నాక, "అంటే దాని పీట దానికేసి, విడిగా కూర్చోబెట్టినావు," అన్నాడు.

"అంతే మామా."

"మంచి పని. ఇది మా కాలంలో చేతకాక ఎన్ని తిప్పలు పడినామో."

పూర్ణిమ కళ్ళు చెమర్చాయి. ఎన్ని నెలల నుంచి ఈ ఒక్క మాట కోసం ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. కట్టుకున్నవాడి నోట కూడా రాలేదు. రైలు కదిలేసరికి ఆమె ఒక నిశ్చయానికొచ్చింది. గది పోతే పోనీ. ఈయన పలక పోకూడదు.

పట్టుచీరల అంగళ్ళ వీధిలో చెన్నప్ప అంగడి. తెల్లపరుపు మీద కూర్చున్న చెన్నప్ప, కేశవమూర్తిని చూసి లేచి చేతులు పట్టుకున్నాడు. మంచినీళ్ళు, మజ్జిగ, ఇంటిల్లిపాదీ యోగక్షేమాలు అన్నీ అయ్యాయి. తర్వాత ఒక చీర మడతలోంచి పాత చీటీ తీసి, కొత్తది దాని పక్కన పెట్టాడు. పాతది మిరపపండే. పక్కన కొత్తది వెలవెలబోయింది.

"కేశవమూర్తీ, నేను కోపంతో తిప్పి పంపలేదప్పా," అన్నాడు చెన్నప్ప. "మా నాయన ఉన్నప్పటినుంచి ఈ రంగు నీ చేతిలోదే. ఏ కట్ట విప్పినా కండ్లు మూసుకుని పెట్టుకునేవాణ్ణి. ఇది నీ చేతిలోనించి వచ్చిందంటే నమ్మలేకుండా ఉండాను. ఏం జరిగిందో నిజం చెప్పు. చెప్తే మళ్ళ నీకే ఇస్తా. చెప్పకపోతే ఇంగ ఎప్పుడూ భయపడుతూనే ఉండల్ల నేను."

కేశవమూర్తి పాత చీటీ మీదికి వంగి చూశాడు. ఆయన చేయి జేబు మీదికి పోయింది. జేబులో ఆ కాగితం ఉంది. తీయలేదు. చేయి మళ్ళీ మోకాలి మీదికొచ్చింది.

ఇంక ఆగితే ఆయన నోట ఏమొస్తుందోనని పూర్ణిమకు భయం వేసింది.

"తప్పు నాది పెద్దాయనా," అంది. "రంగు చూసుకోకుండా ప్రూఫ్ పంపిస్తి. దాన్ని పట్టే పని జరిగింది. మామ కలిపింది నేనిచ్చిన కాగితానికి."

చెన్నప్ప ఆమె మొహం పరీక్షగా చూశాడు. తర్వాత నవ్వాడు.

"అంతేనా పాపా? తప్పు తెలిసిపోతే భయం లేదు. తెలీని తప్పే నిద్ర పట్టనీయదు. పెండ్లిండ్లు మొదలుకాకముందే మళ్ళ వేసి పంపండి." కేశవమూర్తి వైపు తిరిగి, కోడలు బంగారమప్పా, ఈ కాలంలో తప్పు తలకెత్తుకునేవాళ్ళెవరు అన్నాడు.

కేశవమూర్తి అవునన్నట్టు తల ఊపాడు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచాడు.

తిరుగు రైలుకు ఇంకా సమయం ఉంది. ప్లాట్‌ఫారం మీద నీడ చూసుకుని ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. పూర్ణిమకు ఒంట్లో బరువు దిగినట్టే ఉంది. చెన్నప్ప పని నిలబడింది. రాహుల్‌కు ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకోవచ్చు. ఏమో, మామే ఒక మాట వేస్తాడేమో. రంగు ప్రూఫ్ పంపడం పొరపాటే గానీ ప్రోగ్రామ్‌లో తప్పు లేదని ఆయన నోటితో చెప్తే రాహుల్ వినడా?

కేశవమూర్తి పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నాకు ఆ పొద్దే తెలుసమ్మా."

"ఏంది మామా?"

"అది మిరపపండు కాదని. కాగితం చూస్తానే తెలిసింది. ఆ ఎరుపు నేను నిద్రలో లేపి అడిగినా కలుపుతా. నాకు తెలీకుండా పోతాదా?"

"తెలిసి ఎట్ల కలిపినారు?"

"అడగల్లనే వచ్చినా. మీ రూము గడప దాకా వచ్చినా. నువ్వూ మొగుడూ ఆ కంప్యూటర్ చూసుకుంటా నవ్వుకుంటాండారు. నిలబడినోణ్ణి ఏమి అని అడిగిన దిక్కు లేదు." ఆయన మళ్ళీ పట్టాల వైపు తిరిగాడు. "ఆపరేషన్ అయినప్పటినుంచి ఇంట్లో నన్నెవరు ఏమడిగినారు? కండ్లు కనపడవంటారు, కూర్చోమంటారు. సరే, చేతికొచ్చిన ప్రూఫే చట్టం కదా, ఉండేది ఉన్నట్టే కలుపుదాం. ఏమైతాదో చూద్దాం అనుకున్యా."

ఏమైతాదో చూద్దాం. పూర్ణిమకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళ మీద అంత కోపం ఆమెకెప్పుడూ రాలేదు. ఒక్క మాట అడిగి ఉంటే, సరస్వతమ్మతో ఒక్క కబురు చెప్పి ఉంటే, ఇదంతా ఉండేది కాదు. రైల్లో ఆ కాగితం తీసి తేడా ఉందా అని అడిగింది ఎవరిని పరీక్షించడానికి? అంగట్లో చేయి జేబు దాకా పోయి వెనక్కెందుకొచ్చింది? పెనుకొండలో టీ కొనిచ్చి మంచి పని అన్నది కూడా ఇందుకేనా?

"నేను మీ పలక పోకూడదని తప్పు నా తలకెత్తుకున్యా మామా," అంది. "నాకు ఆ రూము తప్ప ఏమీ లేదు. మీకు తెలుసు."

"తెలుసమ్మా."

"అయితే ఇప్పుడు నాతో చెప్పింది రాహుల్‌తో చెప్పండి. మీరు తప్పు కలపలేదు, తెలిసే కలిపినారు. కండ్లకేమీ కాలేదు. అది చెప్తే మీ పలకా ఉంటాది, నా రూమూ ఉంటాది."

కేశవమూర్తి ఆమె మొహంలోకి చూశాడు. తల ఊపాడు. "చెప్తా," అన్నాడు.

పూర్ణిమ ఫోన్ మోగింది. రాహులే. మిషన్ ఆయన వచ్చి కూర్చున్నాడని, టేపు చేతిలో పట్టుకున్నాడని గట్టిగా చెప్తున్నాడు. నాయనకిస్తున్నా అని చెప్పి, ఆమె ఫోన్ మామ చేతిలో పెట్టింది. అరవై దాటిన ఆ చేయి ఫోన్‌ను జాగ్రత్తగా చెవికి ఆనించుకుంది. రాహుల్ మాటలు పక్కన కూర్చున్న ఆమెకూ వినపడుతూనే ఉన్నాయి.

"నాయనా, చెన్నప్ప ఏమన్నాడు? ఇంకులో ఏమన్నా తేడా వచ్చిందా? వచ్చింటే చెప్పు నాయనా, నేనేమీ అనను. వయసయింది, కండ్లు కనపడకపోతే తప్పేముండాది? నేను చూసుకుంటాలే."

రాహుల్ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. కసురుకుని ఉంటే బాగుండేదేమో. కేశవమూర్తి దవడ బిగుసుకోవడం పూర్ణిమ చూసింది.

"నా కండ్లకేం రోగం రాలేదు," అన్నాడు ఆయన. "ఇంకు సరిగ్గానే ఉండాది. తప్పు పూర్ణిమదే. ఆయమ్మే ఒప్పుకునింది చెన్నప్ప ముందర."

అవతల ఏదో అడిగాడు రాహుల్.

"ఊ. తీసుకోమను కొలతలు," అని కేశవమూర్తి ఫోన్ తిరిగిచ్చాడు.

పూర్ణిమ ఫోన్ అందుకుంది. ఆయన మొహం చూడాలనుకుంది, ఆయన చూపు దొరకనివ్వలేదు. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు ఆ మనిషి. ఆమె నోటి మాటే తీసి ఆమె నెత్తిన కొట్టాడు.

రైలు వచ్చింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. కేశవమూర్తి లోపలికెక్కి తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి, వెనక ఎవరూ లేకపోవడం చూసి కిందికి తిరిగాడు. పూర్ణిమ బల్ల దగ్గరే నిలబడి ఉంది.

"ఎక్కమ్మా. బండి కదులుతాది."

"మీరు పోండి మామా."

"నువ్వు యాడికి పోతావు? నేనింట్లో ఏమని చెప్పల్ల?"

"ఏమన్నా చెప్పండి," అంది పూర్ణిమ. "చెప్పేది మీకు బాగానే వచ్చు."

బండి కదిలింది. ఆయన ఏదో అన్నాడు గానీ వినపడలేదు. చెన్నప్ప అడిగిన నిజంలో ఇంకా సగం మిగిలే ఉంది. ఆమె చీటీల సంచి భుజానికేసుకుని, స్టేషన్ బయటికొచ్చి, ఆటో పిలిచి, చెన్నప్ప అంగడికి పోనిమ్మంది.